ఎంఈసీ సీటూ, ఒక ఉడికిన గుడ్డూ

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున చింతలకుదురులో పిల్లలందరికీ ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో వాళ్ల మేనమామలు చెప్పేశారు. మేనమామలు లేనివాళ్లకి ఎదురింటివాళ్లు చెప్పారు. ఎవరూ చెప్పకుండానే తనకేం కావాలో తెలిసిన పిల్ల ఊరు మొత్తానికి ఒక్కతే. ఆ పిల్ల శేషుకుమారి. అది వాళ్ల నాయనమ్మ పేరు. పేరు పాతదే గానీ పిల్ల మహా చురుకు.

శేషుకి లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్ కలిసిన ఎంఈసీ గ్రూపు కావాలి. ఆ తరవాత బీబీఏ చదవాలి. ఆమె కన్నేసిన బీబీఏ కాలేజీవాళ్లు ఇంటర్‌లో లెక్కలూ కామర్సూ రెండూ చదివినవాళ్లనే రానిస్తామని గోడల మీద రాయించి మరీ చెబుతున్నారు. ఇంత పట్టుదలకి కారణం వాళ్లమ్మ రత్నమాణిక్యం నడిపే మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగు గుడ్డ, చీరలకి వేసే ఫాల్సు, దారపు రీళ్లు. ఆ కొట్లోనే శేషు పాకింది, నడిచింది, హోంవర్కు చేసుకుంది. ఎవరైనా చీర చెంగు చూపిస్తే చాలు, అరల్లో చెయ్యిపెట్టి అదే రంగు ముక్క లాగేస్తుంది. నిరుడు మెయిన్ రోడ్డు మీద ఒక ఏసీ షోరూము వెలిసింది. "వాళ్ల ఏసీ వాళ్లది, మన ఫ్యాను మనది" అని రత్నమాణిక్యం పైకి అంటూనే ఉంది గానీ, మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు ఆవిడ వీధి చివరికి చూస్తూ కూర్చోవడం శేషు కంటపడింది. ఈ వ్యాపారమేదో ఇంట్లో ఒకరు పద్ధతిగా చదువుకోకపోతే కొట్టు దక్కదని ఆ పిల్లకి గట్టిగా అనిపించింది.

పద్ధతిగా చదువుకోకపోయినా రత్నమాణిక్యానికి ఒక అలవాటుంది. జాకెట్టు ముక్క కొన్న ప్రతి ఆడమనిషికీ ఒక హుక్కుల అట్ట కొసరు ఇస్తుంది. అడక్కుండానే సంచిలో పడేస్తుంది. ఆ అట్ట సంగతి గుర్తుపెట్టుకోండి, దాంతో ముందుముందు పనుంది.

సర్కారు జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ భీమశంకరం గారు ఎంతో మంచాయన. పైనుంచి కాగితం వస్తే తప్ప ఎవరికీ చెడు చెయ్యరు. తల్లీకూతుళ్లని కూర్చోబెట్టి, శేషు మార్కులు చూసి మురిసిపోయి, ఆ తరవాత సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీసి దిగులుగా విప్పారు.

"ఏం లేదమ్మా. బీబీఏ మొదటి సంవత్సరంలో పిల్లలు ఎక్కువగా తప్పుతున్నారట. ఎందుకు తప్పుతున్నారని పైన ఒక కమిటీ వేశారు. పాఠాలు చెప్పేవాళ్లు చాలటం లేదేమోనని చూశారట గానీ, అది కమిటీ పరిధిలో లేదు. కాబట్టి కింద పునాది సరిగా లేదని తేల్చారు" అని, గొంతు సవరించుకుని చదివారు: "'కావున, కామర్స్ సంబంధిత గ్రూపును కోరు ప్రతి అభ్యర్థియు తన వ్యాపార ప్రవృత్తిని దిగువ విద్యాసంస్థ నుండి ధ్రువపరచుకొని రావలెను.'"

"ప్రవృత్తంటే ఏంటండి?" అంది రత్నమాణిక్యం.

"అది ఇందులో లేదమ్మా. ధ్రువపత్రం నమూనా మాత్రం జతపరిచారు."

ఆఖరు తేదీ ఆ నెల ముప్పై. ఆలోగా ధ్రువపత్రం రాకపోతే మిగిలిన సీట్లలో సర్దుకోవాలి. ఏటా మిగిలేది చరిత్ర గ్రూపేనని అందరికీ తెలుసు. చరిత్రతో బీబీఏ గోడ దాటడం కుదరదని శేషుకి తెలుసు. ఇంకా తొమ్మిది రోజుల గడువుంది.

మర్నాడు పొద్దున్నే హైస్కూలుకెళ్లారు. హెడ్మిస్ట్రెస్ గారు శేషుని దగ్గరికి తీసుకుని, "మార్కులడుగు, ఇస్తాను. కాండక్టడుగు, ఇస్తాను. ప్రవృత్తి మాత్రం నా దగ్గరికొచ్చేటప్పటికే ఏర్పడిపోయి ఉంటుంది కదమ్మా! ప్రైమరీ స్కూలువాళ్లు ఇస్తే దాని కింద నేను సంతకం పెడతాను" అన్నారు. ప్రైమరీ స్కూలు హెడ్మాస్టరు గారు ఆ సర్క్యులర్ అప్పటికే బట్టీపట్టి ఉన్నారు. "మూడో పేరా చూశారా? 'ప్రవృత్తికి బీజము ఐదేండ్ల లోపున పడును' అని స్పష్టంగా ఉంది" అంటూ అడ్మిషన్ రిజిస్టరు తెరిచి వేళ్లమీద లెక్కేశారు. "నువ్వు మా బడికొచ్చేసరికి నీకు ఐదేళ్లా రెణ్ణెల్లు. రెణ్ణెల్లు ఆలస్యం చేశావు తల్లీ. అంగన్‌వాడీకెళ్లు."

"ఇంకా కిందకి పొమ్మంటే మిగిలింది నా కడుపేనండి" అంది రత్నమాణిక్యం, ఎండలో గొడుగు విప్పుకుంటూ.

అంగన్‌వాడీ టీచరు వీరలక్ష్మమ్మ గారు ముప్పై ఏళ్లుగా అదే గదిలో ఉన్నారు. వచ్చిన పిల్లల్ని ఆవిడ పేరుతో కాక, వాళ్లు ఏడ్చే తీరుతో గుర్తుపడతారు. "ఓ, ఎక్కిళ్లు పెట్టి ఏడ్చేదానివి నువ్వేగా!" అని శేషుని ముద్దుచేసి, బియ్యం డ్రమ్ము వెనకనుంచి పాత రిజిస్టరు లాగి దుమ్ము దులిపారు. పన్నెండేళ్ల కిందటి ఒక బుధవారం దగ్గర ఆవిడ వేలు ఆగింది. కళ్లజోడు సర్దుకుని గర్వంగా చదివారు: "'శేషుకుమారి, నాలుగేళ్లు. మంచి పిల్ల. ఈ రోజు తన గుడ్డు భవానికి పెట్టింది.' చూశావా, ఎంత మంచిదానివో! ఈ మాటే రాసిస్తా."

రాసిచ్చారు. స్టాంపు కూడా గుద్దారు. శేషుకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

భీమశంకరం గారు ఆ కాగితం చదివి, కుర్చీలో వెనక్కి వాలారు.

"గుడ్డు పెట్టావా?" అన్నారు.

"పెట్టానండి."

"ఊరికేనా?"

"ఊరికేనండి. భవాని గుడ్డు కాకెత్తుకుపోయింది. అది ఏడుస్తుంటే చూడలేక నాది ఇచ్చేశాను."

"ఎంత పని చేశావమ్మా!" అన్నారాయన నొచ్చుకుంటూ. "నాలుగేళ్ల వయసులో, ఎవరూ బలవంతపెట్టకుండా, ప్రతిఫలం లేకుండా ఒక వస్తువును పరాధీనం చేశావు. కామర్సుకి ఇంతకంటే వ్యతిరేకమైన ప్రవృత్తి ఇంకేముంటుంది? ఇది గనక పైకి పంపానంటే నన్ను సంజాయిషీ అడుగుతారు."

ఆయన మంచాయనని ముందే చెప్పాను. తలుపు వైపొకసారి చూసి గొంతు తగ్గించారు. "పోనీ, భవాని బదులుగా ఏమైనా ఇచ్చిందేమో గుర్తుతెచ్చుకో. ఒక బలపం ముక్క ఇచ్చిందనుకో. అదొక వినిమయం అవుతుంది. 'బలపం పుచ్చుకొని గుడ్డు ఇచ్చితిని' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. సీటు నేను చూసుకుంటాను."

రత్నమాణిక్యం కూతురి చేతిలో పెన్ను పెట్టింది. శేషు ఆ పెన్ను పట్టుకుని కూర్చుంది. సీటంటే ఆశ లేక కాదు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ భవాని ఏడుపు మొహం కనిపిస్తోంది. ఆ మొహం ముందు చెయ్యి చాచి బలపం అడిగానని రాయడానికి ఆ పిల్లకి మనసొప్పలేదు.

"ఇవ్వలేదండి" అంది.

"ఇచ్చిందేమోనే! నాలుగేళ్లప్పటి సంగతి నీకేం తెలుసు?" అని తల్లి గిల్లింది.

"ఇవ్వలేదమ్మా. దాని దగ్గర బలపం ఉంటే అది తినేసేది."

ఇంతలో ఫైలు పట్టుకుని లోపలికొచ్చిన సూపరింటెండెంటు సత్తిరాజు గారు సంగతంతా విని, "బలపం అని రాయించేరు కనక, మహా ప్రమాదం!" అన్నారు. "అంగన్‌వాడీ గుడ్డు ప్రభుత్వ సొత్తండి. దాన్ని బలపానికి మారిస్తే ప్రభుత్వ గుడ్డును అమ్ముకున్నట్టు. అది నేరం. ఊరికే ఇస్తే అయోగ్యత, మార్చుకుంటే నేరం. ఏదైనా మనం తేల్చేది కాదండి. కమిటీకి రాయండి."

కమిటీకి రాశారు. ముప్పయ్యో తారీఖు పదకొండు గంటలకి విచారణ పెట్టారు.

కమిటీలో ముగ్గురు. ప్రాంతీయ సంసిద్ధతాధికారి కోదండపాణి గారు అధ్యక్షులు. పక్కన ఒక కామర్స్ లెక్చరరు. గుడ్డు తమది గనక పోషకాహార విభాగం నుంచి ఒకాయన. కాలేజీ ల్యాబులో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద ఒక పళ్లెం పెట్టి, పళ్లెంలో ఒక ఉడికిన గుడ్డు పెట్టారు. అసలు గుడ్డును హాజరుపరచలేని కారణంగా దానికి సరిసమానమైన గుడ్డును సమర్పించడమైనదని వీరలక్ష్మమ్మ గారి చేత కాగితం రాయించుకున్నారు.

"కాకిని విచారించారా?" అన్నారు పోషకాహారం ఆయన.

"ఆచూకీ లభ్యం కాలేదండి" అన్నారు సత్తిరాజు గారు. రాసుకున్నారు.

అప్పుడు భవానిని పిలిచారు. భవాని పదో తరగతి ఫలితాలు రాకముందే పక్క ఊళ్లో ఒక హాస్టలు కాలేజీలో ఎంపీసీలో చేరిపోయింది. అక్కడ ప్రతివారం పరీక్ష. పరీక్ష రాయనివాళ్లని పై సెక్షన్‌లోంచి కింద సెక్షన్‌లోకి దింపేస్తారు. ఆ పరీక్ష ఆరోజే. అయినా భవాని వచ్చింది. మనిషి సగమైపోయింది. జడ హడావిడిగా వేసుకున్నట్టుంది. లోపలికొస్తూనే శేషుని చూసి నవ్వి, తరవాత అందరికీ నమస్కారం పెట్టి, ఆ తరవాత పళ్లెంలో గుడ్డుని చూసింది. చూసి, ఇక చూపు తిప్పుకోలేదు.

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "అభ్యర్థినికి న్యాయం చేయు ఉద్దేశంతో కమిటీ ఒక తుది అవకాశము కల్పించుచున్నది. నాటి సన్నివేశమును పునర్నిర్మించెదము. అభ్యర్థిని ఈ గుడ్డును స్వాధీనపరచుకొని, వ్యాపార దృక్పథముతో వినియోగించవలెను. ప్రారంభించవచ్చును."

రత్నమాణిక్యం వెనక బెంచీ మీంచి కళ్లతోనే ప్రాధేయపడింది. ఏదో ఒకటి అడగవే, జడ రిబ్బనన్నా అడగవే, అన్నట్టు తన జడ పట్టుకుని చూపించింది. శేషు గుడ్డు చేతిలోకి తీసుకుంది. అమ్మ దిగులూ, కొట్టూ, గోడ మీద పెయింటూ అన్నీ గుర్తున్నాయి. ఏం అడగాలో కూడా అనుకుంది.

"పొద్దున్న తిన్నావా?" అని అడిగింది.

"లేదే. ఆరింటికి గేటు తెరిస్తే వచ్చేశా, మళ్లీ తెరవరు. టిఫిను ఎనిమిదింటికి."

శేషు పెంకు వలిచి గుడ్డు భవాని చేతిలో పెట్టింది. భవాని రెండు ముక్కల్లో తినేసింది. కమిటీ మొత్తం చూస్తూండగా చేత్తో మూతి తుడుచుకుని, "కాస్త ఉప్పుంటే బాగుండేదే" అంది.

కోదండపాణి గారు కలం తీసి, రాస్తూ పైకి చదివారు. "పన్నెండేండ్లలో అభ్యర్థిని యందు ఎట్టి పురోగతియు కానరాలేదు."

రత్నమాణిక్యానికి అంతసేపూ అధికారులంటే భయంగా ఉంది. ఆ వాక్యంతో భయం పోయి కోపమొచ్చింది.

"ఏంటండీ పురోగతి? ఊరికే ఇస్తే యాపారం కాదని మీకెవరు చెప్పారండీ? ఇరవై ఏళ్లనుంచి హుక్కుల అట్ట ఊరికే ఇస్తున్నాను నేను. ఏ పుస్తకంలోనూ చదివి ఇవ్వలేదు. కోదండపాణి గారూ, మీ ఆవిడగారు ఆ ఏసీ షోరూము దాటుకుని, ఎండలో నడుచుకుంటూ నా కొట్టుకెందుకొస్తున్నారో ఎప్పుడన్నా అడిగారా? మొన్న శుక్రవారం కూడా వచ్చారు. వంకాయరంగు జాకెట్టు ముక్క తీసుకుని, అట్ట ఏదమ్మా అని అడిగి మరీ పట్టుకెళ్లారు. దాన్ని కొసరంటారండీ. కొసరు తెలీనోళ్లు కామర్సు సీట్లు పంచుతున్నారు, నా ఖర్మ!"

కోదండపాణి గారు వంకాయరంగు దగ్గర కొంచెం కదిలారు. పక్కకి వంగి కామర్స్ లెక్చరరుని మెల్లిగా అడిగారు. "కొసరు సిలబస్‌లో ఉందా?"

"లేదండి. కానీ మా ఇంట్లో కూరగాయలకి నేను వెళ్తే కొసరు తేలేదని తిడతారండి."

"ఉన్నది, అయితే సిలబస్‌లో లేదు" అని రాసుకున్నారు అధ్యక్షులు. ఆయన ముఖంలో ఏదో దారి దొరికిన వెలుగు కనిపించింది. "కొసరు అనగా అసలు సరుకుకు తోడుగా ఇచ్చునది. గుడ్డు కొసరైనచో, ఆ పిదప అభ్యర్థినికి లభించినదేమి?"

శేషు భవాని వైపు చూసింది.

"నాకేం రాలేదండి" అంది. "ఇది మాత్రం ఇవాళ పరీక్ష ఎగ్గొట్టి వచ్చిందండి. రేపు కింద సెక్షన్‌లోకి తోసేస్తారు. తెలిసే వచ్చింది."

కోదండపాణి గారు కలం బల్ల మీద కొట్టారు. "అద్భుతము! పన్నెండేండ్ల కిందట ఒక గుడ్డు. నేడు, అత్యవసర సమయమున, ఒక సాక్షి. ఇది దానము కాదు. దీర్ఘకాలిక పెట్టుబడి!"

లెక్చరరు గారు అవునన్నారు. పోషకాహారం ఆయన, అమ్మకం కాదు గనక మా విభాగానికి అభ్యంతరం లేదన్నారు. ముగ్గురూ లేచి నిలబడి, నాలుగేళ్లకే ఇంత ముందుచూపు ప్రదర్శించిన పిల్లను తమ సర్వీసులో చూడలేదన్నారు.

"పెట్టుబడి కాదండి, జాలేసి..." అని శేషు మొదలెట్టింది. రత్నమాణిక్యం ఈసారి గట్టిగా గిల్లింది. శేషు ఆగిపోయింది. ఎంఈసీ సీటు వచ్చింది. ఇంటికి వెళ్లే దారంతా ఆ పిల్లకి సంతోషంగానే ఉంది గానీ, తన దగ్గరున్నదేదో ఎవరో అడక్కుండా పట్టుకెళ్లినట్టు కూడా అనిపించింది. భవాని మర్నాటికల్లా కింద సెక్షన్‌లో ఉంది. అక్కడ ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయని కబురు చేసింది.

కథ ఇక్కడ ఆగితే బాగానే ఉండేది. కానీ కోదండపాణి గారి నివేదిక పైకి వెళ్లింది. పైవాళ్లు చదివారు. చదివాక ఊరుకోవడం వాళ్ల చేతుల్లో లేదు.

ఏడాది తిరిగేసరికి కొత్త సర్క్యులర్ వచ్చింది. దాని పేరు శైశవ దీర్ఘకాలిక పెట్టుబడి పథకం. ఇకమీదట ప్రతి బుధవారం ప్రతి అంగన్‌వాడీలో ప్రతి పిల్లా తన గుడ్డును కుడిపక్కనున్న పిల్లకి ఇవ్వాలి. ఇచ్చినట్టు మూడు ప్రతుల్లో వేలిముద్ర వెయ్యాలి. పుచ్చుకున్న పిల్ల పన్నెండేళ్ల తరవాత సాక్ష్యానికి వస్తానని ఇంకో వేలిముద్ర వెయ్యాలి. ఇవ్వనివాళ్ల పేర్లు రిజిస్టరులో విడిగా రాయాలి. చింతలకుదురులో ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి, ఎంఈసీ రెండో సంవత్సరం విద్యార్థిని కుమారి శేషుకుమారి. గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టారు. ఒక వైపు శేషు పాస్‌పోర్టు ఫొటో, ఇంకో వైపు అంతకి మూడింతలున్న గుడ్డు.

పద్దెనిమిది మంది పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. ముందు గుడ్లు పంచారు. తరవాత అధికారులు ప్రసంగించారు. తరవాత ఫొటో తీసేవాడు రాలేదన్నారు. వాడొచ్చేదాకా గుడ్లు తినకూడదని, ఎవరి గుడ్డు వాళ్లు రెండు చేతులతో పట్టుకుని చూస్తూ ఉండాలని చెప్పారు. పిల్లలు చూస్తూ కూర్చున్నారు. ఒకడు తన గుడ్డుని నాకి మళ్లీ పళ్లెంలో పెట్టాడు. చివరికి ఫొటోవాడొచ్చాడు. వీరలక్ష్మమ్మ గారు ఒకటీ రెండూ మూడూ అన్నారు. గుడ్లన్నీ కుడివైపుకి కదిలాయి.

తొమ్మిదో పిల్ల దగ్గర ఆగిపోయాయి. ఆ పిల్ల పేరు చందన. ఇవ్వడానికి తన గుడ్డు దాని చేతిలో లేదు. మూతికి పచ్చసొన ఉంది. దాని కుడిపక్క పిల్ల, తన గుడ్డు పక్కకిచ్చేసి, తనకి రావలసింది రాక, చాచిన చేతులు అలాగే ఉంచుకుని ఏడుపు లంకించుకుంది.

"అయ్యో, తినేసిందే!" అన్నారు వీరలక్ష్మమ్మ గారు. అధికారులు చిన్నగా దగ్గారు. ఆవిడ రిజిస్టరు తెరిచి, కలం పట్టుకుని, రాయలేక శేషు వైపు చూశారు. "ఏం చెయ్యనమ్మా? ఉన్నదున్నట్టు రాయకపోతే నాకు మాటొస్తుంది. మంచి వాక్యం రాసినందుకే నువ్వెంత తిరిగావో చూశాను. ఇదేమో 'తన గుడ్డు తనే తినేసింది' అని రాయాలి."

శేషు ఆ పిల్ల మూతి వైపు చూసింది. ఇంకో పన్నెండేళ్లకి ఎవరో ఒక తల్లి ఎండలో గొడుగేసుకుని ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. "ఇలా ఇవ్వండి" అని కలం తీసుకుంది. కిందటేడు తన సీటు పోతుందని తెలిసి కూడా బలపం అన్న మూడక్షరాలు రాయడానికి శేషుకి చెయ్యి ఆడలేదు. ఇప్పుడు తడుముకోకుండా రాసింది: 'చందన తన గుడ్డును పక్కనున్న పిల్లకు ఇచ్చినది. నేను చూచితిని. సాక్షి, శేషుకుమారి, ఎంఈసీ.' కింద తేదీ వేసింది. కోదండపాణి గారు దాన్ని చదివి, తృప్తిగా తలాడించి స్టాంపు వెయ్యమన్నారు.

ముఖ్య అతిథికని బల్ల మీద పళ్లెంలో ఒక గుడ్డు పెట్టారు. దాని మీద చిన్న ఉప్పు పొట్లం కూడా ఉంది. అందరూ స్టాంపు కోసం వెతుకుతుండగా శేషు లేచి వెళ్లి, ఆ గుడ్డు వలిచి, ఉప్పద్ది, చేతులు చాచుకుని ఏడుస్తున్న పిల్ల నోట్లో పెట్టింది.

"అదేంటమ్మా, అది ఏ పద్దులో రాయను?" అన్నారు వీరలక్ష్మమ్మ గారు కంగారుగా.

శేషు రిజిస్టరు మూసేసి దాని మీద కూర్చుంది.